మఖమల్ సంచీలో బీపీ బిళ్ళ

మా లాయరమ్మకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన బీపీ బిళ్ళలూ, మీ కాలేజీలో నువ్వు రాసి పంచుతున్న కరపత్రమూ అందాయి. పెద్ద కంపెనీ పేరు లేని జెనెరిక్ మందూ అదే మందట, ధర మాత్రం బాగా తక్కువట. సంతోషం. జీవితమంతా కుట్టుమిషను తొక్కి సంపాదించుకున్న బీపీ ఇది. ఇంత చవగ్గా తగ్గించుకుంటే దానికేం మర్యాద? పైగా ఆ అట్ట వెలిసిపోయిన అస్తరు గుడ్డలా ఉంది. బీరువా మీద పెట్టాను. బల్లులకి బీపీ ఉంటే వేసుకుంటాయి.

ఇట్లు, ఇంకా బతికే ఉద్దేశమున్న
పెదనాన్న

తా.క. నా కంపెనీ బిళ్ళ ఖరీదు మళ్ళీ పెరిగింది. అందుకని రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. అంత గొప్ప మందు కదా, సగం చాలు.

*

పెదనాన్నకి కోపంతో నమస్కారాలు.

రోజు విడిచి రోజు వేసుకోడానికి అదేమన్నా తలస్నానమా? మొన్న మెట్ల మీద కళ్ళు తిరిగి ఎందుకు కూలబడ్డారో ఇప్పుడర్థమైంది. మీ డాక్టరుగారికి ఫోన్ చేశాను (మీరెలాగూ ఎత్తరు). రెండింట్లోనూ ఉన్నది ఒకటే మందు, మోతాదూ అదే, నిక్షేపంగా మార్చుకోవచ్చు, మానితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది అన్నారు.

మీ పనే చూసుకోండి. ఒకే థాను గుడ్డ, ఒకే కత్తెర. మీ షావుకారు కొన్ని చొక్కాలకే జరీ లేబుల్ కుట్టిస్తాడు, అవి అద్దాల బీరువాలోకి ఎక్కుతాయి. తొడుక్కున్నవాడికి చెమట పట్టడం మానేస్తుందా?

మీ లాయరమ్మ

తా.క. మా కాలేజీవాళ్ళు మీకన్నా మేలేం కాదు. ఈ చవక మందుల మీద నేను పెట్టిన సభకి హాలు కిటకిటలాడింది. ఆ రోజు కాలేజీ మొత్తమ్మీద ఫ్యాన్లు తిరిగింది ఆ హాల్లోనే.

*

లాయరమ్మకి ఆశీస్సులు.

నా కుట్టుపనిని బిళ్ళలతో పోలుస్తావా? కోపానికి కాజాలన్నీ వంకర పోయాయి. కాజా అంటే గుర్తొచ్చింది, మా గురువు కాజా కుదరకపోతే బొత్తాన్ని తిట్టేవాడు. అది ఇప్పుడెందుకంటే, ఎందుకూ కాదు.

నువ్వు చెప్పినదాన్నిబట్టి నాకర్థమైంది ఇదీ: మీ మందుకి లోపమల్లా లేబులే. అందుకని మిగిలిన ఎర్ర మఖమల్ ముక్కతో చిన్న సంచీ కుట్టి, జరీ లేబుల్ వేసి, నీ బిళ్ళల అట్ట అందులో పెట్టాను. ఇప్పుడు రోజూ వేసుకుంటున్నాను. మీ పెద్దమ్మ నా ముందు నవ్వదు, వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంటుంది. షావుకారైతే "ఎక్కణ్ణుంచి తెప్పించావయ్యా, ఆ కంపెనీ పేరు నాకూ చెప్పు" అని వెంటపడుతున్నాడు. డాక్టరు బీపీ చూసి "భేష్" అన్నాడు. "సంచీ మహిమ" అన్నాను. పాపం, మళ్ళీ చూశాడు.

నీ పెదనాన్న

తా.క. మీ చదువుకున్నవాళ్ళ కోసం మూటెడు సంచీలు పంపుతున్నాను. నీ కరపత్రం మడిచి లోపల పెట్టు. అప్పుడైనా చదువుతారు.

*

పెదనాన్నకి సిగ్గుతో నమస్కారాలు.

సంచీలు చూస్తుండగానే అయిపోయాయి. అందంగా ఉన్నాయని తీసుకున్నారు, ఏమీ తోచక లోపలి కాగితం చదివారు. ఇప్పుడు మందుల కొట్లో మావాళ్ళంతా జెనెరిక్కే అడుగుతున్నారు.

నిన్న నాకు జ్వరం. నేనూ వెళ్ళాను. కొట్టతను చవక మందు తీసి బల్ల మీద పెట్టాడు. ఒళ్ళు కాలిపోతోంది, భయమేసింది. "అన్నా, ఇది వద్దులే... కాస్త మంచిది, పెద్ద కంపెనీది ఇవ్వు" అన్నాను.

వెనక మా క్లాసువాళ్ళు. ఎర్ర సంచీలు విప్పి, కరపత్రం తీసి, కొట్టంతా వినబడేలా నాకే చదివి వినిపించారు. బాగానే రాశాను.

చవకదే వేసుకున్నాను. జ్వరం తగ్గింది.

ఇకమీదట వాదించని
మీ లాయరమ్మ

తా.క. నాకూ ఒక సంచీ పంపండి. లేబుల్ కాస్త పెద్దది వేయండి.