బాబాయి పార్టీ

ఎంత కోపమొచ్చినా నా ఉత్తరం చింపెయ్యని మా నాన్నకు,

టీవీలో ఎడిటింగు ఉద్యోగం వదిలేశాను. ఫోనులో చెబితే మధ్యలోనే పెట్టేస్తారని రాస్తున్నాను.

మొన్న చర్చకు ఇద్దరిని పిలిచారు. మీ పార్టీకి ఓటేసే నర్సు ఒకామె, బాబాయి పార్టీకి ఓటేసే బస్సు డ్రైవరు ఒకాయన. పన్నుల దగ్గర గట్టిగానే వాదించుకున్నారు. మూసేసిన ప్రసూతి ఆసుపత్రి మాట వచ్చేసరికి మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట, తెరవాల్సిందేనని. "మా ఆవిడ కాన్పు నా బస్సులోనే అయిందమ్మా" అన్నాడు డ్రైవరు. "బిడ్డ బాగుందా?" అని అడిగింది నర్సు, చర్చ సంగతే మరిచిపోయి.

మా బాస్ ఆ ముక్క తీసెయ్యమన్నాడు. ఆమె మాటల పక్కన, పన్నుల దగ్గర ఈయన చిటపటలాడిన మొహం అతికించమన్నాడు.

"కొట్టుకుంటేనే జనం చూస్తారు."

"వాళ్లు కొట్టుకోలేదు కదండీ!"

"నీకెందుకు? కత్తిరించు."

"కత్తిరించను" అని లేచి వచ్చేశాను.

నాన్నా, ఎన్నికలప్పటి నుంచి మీరు బాబాయి గడప తొక్కలేదు. "వాళ్లంతా మన నాశనం కోరేవాళ్లే" అంటారు. వాళ్లంతా అంటే ఎవరు? మీ ఆపరేషనుకు రక్తమిచ్చిన బాబాయేనా? ఇన్నాళ్లూ ఈ మాట దిగమింగుకున్నాను, ఇక మింగను. ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్తున్నాను. మీరు వద్దన్నా వెళ్తాను.

మీ మొండిఘటం

*

మా మొండిఘటానికి,

ఉద్యోగం వదిలినందుకు నాలుగు చీవాట్లు పెడదామనే కలం తీశాను. నా పార్టీ నేను మార్చను, బాబాయిది ముమ్మాటికీ తప్పే. ఇది ముందే చెబుతున్నా. కానీ రక్తం మాట ఎత్తావు చూడు, అక్కడే కలం పక్కన పెట్టేశాను. కూతురు వెళ్లాక వెనకాల వెళ్లడం నామోషీ అనిపించి, నిన్న నేనే వెళ్లాను.

మీ బాబాయి తలుపు తీసి, "ఏం అన్నయ్యా, మా పార్టీలోకి వచ్చేస్తున్నావా?" అన్నాడు.

"నిన్ను మా దాంట్లోకి లాగుదామని వచ్చా."

"అయితే చాలాసేపు పడుతుంది. లోపలికి రా."

నిజంగానే పట్టింది. మీ పిన్ని భోజనం వడ్డించి, "నోట్లో ముద్ద ఉన్నంతసేపైనా ఊరుకోండి" అని మొత్తుకుంది. ఊరుకోలేదు. పోట్లాట ఇంకా తెగలేదు, తెగేలాగానూ లేదు. ఆదివారం నేనూ వస్తున్నా, నువ్వు కాస్త ముందే బయల్దేరు. ఆలస్యమైతే నీకు కుర్చీ మిగలదు.

ఓటు మార్చుకోని
మీ నాన్న