చెల్లని ఫోటో

పిన్నీ,

నీ ఆపరేషన్ నాటికి అమ్మ నీ పక్కనే ఉంటుంది, బెంగ పెట్టుకోకు. వీసా మాత్రం కాస్త ఆలస్యమవుతుంది. తప్పు మా ఇంటి ఫోటోగ్రాఫరుది, అంటే నాన్నది.

అమ్మ ఫోటో వేరే చోట తీయించడం ఆయనకి నామోషీ. మన స్టూడియోలోనే తెల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి, "నవ్వకూడదట, మూతి బిగించు" అన్నారు. ఆ మాటకే అమ్మకి నవ్వు ఆగలేదు. ఎలాగో తీశారు. తీరా ఆఫీసుకి వెళ్తే, కౌంటర్లో అమ్మాయి ఫోటో వంకా అమ్మ వంకా మార్చి మార్చి చూసి, "ఎడమ చెంప మీద అంత పెద్ద మచ్చ ఉంది, ఫోటోలో లేదేంటండీ? ఇలా దిద్దితే చెల్లదు" అంది.

చిన్నప్పుడు నీ మీద పడబోయిన వేడినూనెకి తను అడ్డొచ్చినప్పుడు పడ్డ మచ్చే, పిన్నీ.

నాన్న తెల్లబోయారు. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఊళ్ళోవాళ్ళ మొటిమలన్నీ తుడిచేసే చెయ్యి కదా, ఈ మచ్చని ఎప్పుడు తుడిచిందో ఆయనకే తెలియదు. "దిద్దానని అనుకోలేదమ్మా. అచ్చం మా ఆవిడలాగే ఉందని ఇచ్చేశాను" అన్నారు. ఆ అమ్మాయి కోపం మరిచిపోయి, కొత్త ఫోటోతో రేపు లైన్లో నిలబడకుండా నేరుగా తన దగ్గరికే రమ్మంది.

ఇంటికొచ్చి మళ్ళీ తీశారు. దిద్దుతానేమోనని భయపడి, ప్రింటు తీసే పని నాకు అప్పగించి దూరంగా నిలబడ్డారు. ఫోటో చేతికిస్తే చాలాసేపు చూశారు.

"ఆఫీసువాళ్ళకి సరిపోతుందిలే," అన్నారు అమ్మతో, "పోలికే కుదరలేదు."

నీ అక్క కూతురు