మంట కనబడని పొయ్యి

రెడ్డెమ్మా,

స్టవ్ పేలి నువ్వు పోయాక మన మదనపల్లె ఇంట్లోకి కిరోసిన్ వాసన రానివ్వలేదు. నిన్న మన సుజాత కరెంటు ఓవెన్ కొనుక్కొచ్చింది. అచ్చం నీలాగే కోడికి గాట్లు పెట్టి, పెరుగు, కారం, అల్లం పట్టించి పొద్దున నానబెట్టింది. సాయంత్రం ఓవెన్లో పెట్టింది. నేను గోనెసంచి తడుపుకొచ్చి పక్కనే నిలబడ్డాను.

"మంటే లేదు నాయనా, సూడు. యాల బయపడతాండావు?" అంది.

మంట కనబడితే ఆర్పొచ్చు. కనబడకపోతే ఏం చేసేది? లోపల ఎర్రటి కడ్డీల కింద కోడి చిటపటమంటోంది. సుజాత వంగి తలుపు తీయగానే ఆవిరి బుస్సుమంది. చేతిలోని గోనెను సుజాత మీద కప్పేశాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ తడి గోనెను రెండు చేతులా ఒంటికి ఇంకా దగ్గరికి లాక్కుంది.