రోజుకు యాభై నిమిషాలు

మడ అడవి అనుమతుల గుమాస్తా గారికి,

గడియారాలు బాగుచేసేవాడు నమస్కారాలతో రాయడమేమంటే, మీ అడవిలో చెట్లు ఉప్పునీళ్ళలో నిలబడి, ఊపిరి కోసం వేళ్ళను బురదలోంచి పైకి పొడుస్తాయని మా మనవరాలు చెప్పింది. "చూడందే నమ్మను పోవే" అన్నాను. మూతి ముడుచుకుంది. నాకా కళ్ళు మసకబారుతున్నాయి. వచ్చే ఏడాదికి ఎంత చూపు మిగులుతుందో చెప్పలేనన్నాడు డాక్టరు. అందుకే ఈ నెలలోనే చూసెయ్యాలి. పడవ ఎన్నింటికో రాయండి.

ఇట్లు,
గడియారాల కొట్టు ముసలాయన

తా.క.: చెట్టు ఊపిరి పీలిస్తే చప్పుడవుతుందా? యాభై ఏళ్ళు గడియారాలకు చెవి ఒగ్గి బతికినవాణ్ణి, అది తేలకపోతే నిద్రపట్టదు.

•

అయ్యా,

పోటు వస్తేనే మా కాలువల్లో పడవ కదులుతుంది. వచ్చే వారం పట్టిక ఇది: సోమవారం ఉదయం 7-10, మంగళవారం 8-00, బుధవారం 8-50, గురువారం 9-40, ఇలా. పక్షులు గూళ్ళు కట్టే కాలం కాబట్టి ఆపై వారం శనివారంతో అడవి మూస్తాం. ఆర్నెల్ల దాకా తెరవం.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: చప్పుడు గురించి కరపత్రంలో లేదు.

•

అమ్మా,

కోపగించుకోకండి. మీ ఆఫీసు గడియారం పాడైంది. పట్టిక చూడగానే పట్టేశాను. రోజుకు సరిగ్గా యాభై నిమిషాలు ముందుకు ఉరుకుతోంది! జబ్బు తెలిసింది గనక, అన్ని రోజులకూ 7-10 అని దిద్దుకుని, కొట్టుకు సెలవైన గురువారం ఆ టైముకి రేవులో ఉన్నాను. పడవ బురదలో పక్కకి ఒరిగి ఉంది. అందులో పడవవాడు గురక పెడుతున్నాడు. "గడియారం చూపించు, బాగుచేస్తాను" అంటే, గుమాస్తా అమ్మగారు పదింటికి గానీ ఆఫీసు తెరవరన్నాడు కాపలాదారు. చూసి చూసి ఎనిమిదింటికి ఇంటికొచ్చేశాను.

ఇట్లు,
మీ మేలు కోరే ముసలాయన

తా.క.: విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుందటగా? కరపత్రం చూడకుండా చెప్పండి.

•

అయ్యా,

పదకొండేళ్ళుగా ఈ గోడ గడియారాన్ని నమ్ముకుని పనిచేస్తున్నాను. దాన్ని ఒక్క మాటంటే ఊరుకోను. జరిగేది గడియారం కాదు, సముద్రం. చంద్రుడు రోజూ కాస్త ఆలస్యంగా పొడుస్తాడు, పోటూ అతని వెంటే వస్తుంది. ఆ ఇద్దర్నీ మీరు బాగుచెయ్యలేరు. పోటు అలా జరిగి జరిగి, ఆఖరి పడవ వచ్చే వారం శనివారం సాయంత్రం 5-10కి పడింది. అనుమతి జతచేశాను. దీన్ని మాత్రం దిద్దకండి.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: మొలకల సంగతి నేను చెప్పలేను. మీరు మర్చిపోయిన స్క్రూడ్రైవరు కాపలాదారు దగ్గరుంది. దాంతో వీపు గోక్కుంటున్నాడు.

•

అమ్మా,

తప్పైపోయింది. మేడెక్కి మూడు రోజులు చంద్రుడికి టైము రాశాను. రోజూ ఆలస్యమే! ఇంత పెద్ద గడియారం నెత్తిమీద నడుస్తుంటే, యాభై ఏళ్ళు కొట్లో తలొంచుకు కూర్చున్నాను. శనివారం తప్పకుండా వస్తాను.

ఇట్లు,
బుద్ధొచ్చిన ముసలాయన

తా.క.: ఏదడిగినా కరపత్రం అంటారు. ఇంతకీ మీరా అడవి చూశారా?

•

బాబాయిగారికి గుమాస్తా నమస్కారాలు.

శనివారం మీరు నా గదిలోకి వస్తూనే గోడకేసి, మీ చేతి గడియారంకేసి చూసి, "అమ్మా, ఇది ఇరవై నిమిషాలు వెనకుంది. ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?" అన్నారు. సిగ్గేసి, అనుమతి కాగితం చూపించమన్నాను. ఇప్పుడు చెబుతున్నాను. పదకొండేళ్ళుగా. ఎన్నిసార్లు కాగితాలు సర్దుకుని రేవుకి పరిగెత్తినా పడవ అప్పుడే వెళ్ళిపోయేది. పడవవాడికి నేనంటే గిట్టదనుకుని మాట్లాడ్డమే మానేశాను. ఇంటి గడియారమూ దీన్ని చూసే పెట్టుకున్నాను, అంటే రోజూ ఆఫీసుకీ ఆలస్యంగానే వస్తున్నానన్నమాట. మా పైఅధికారి చూసేదీ ఆ గడియారమే కాబట్టి బతికిపోయాను.

మీరు చెయ్యి పట్టుకు లాక్కెళ్ళకపోతే ఆఖరి పడవా పోయేది. మీ కళ్ళకి ఆనని మొలకల్ని నేను చూపించాను. నా చెవికి ఆనని చప్పుడు మీరు వినిపించారు. పోటు తగ్గడం మొదలై గట్ల వెంట బురద బయటపడగానే, వేళ్ళ చుట్టూ టిక్కు టిక్కుమని! అది వినడానికి మీరు వంగితే, పడిపోకుండా పడవవాడు మీ చొక్కా పట్టుకున్నాడు. వాడికి క్షమాపణ చెప్పుకున్నాను. ఈ ఉద్యోగంలో చేరాక ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

ఇట్లు,
మీ గుమాస్తా

తా.క.: గడియారానికి స్క్రూడ్రైవరే అక్కర్లేకపోయింది, ముల్లు తిప్పితే సరిపోయింది. ముందుకు ఉరుకుతోందని రాసింది మీరేనండోయ్.

మరో తా.క.: చప్పుడు సంగతి కరపత్రంలో చేర్చాను. అడవి తెరిచే రోజుకి మూడు అనుమతులు రాసిపెట్టాను, మీకూ మనవరాలికీ నాకూ. కళ్ళెలా ఉన్నా రండి. చూసేది మేం చూస్తాం, మీరు విని చెబుదురుగాని.