బసవయ్యగారి ఆర్మ్‌విల్ కారు

పటమట, విజయవాడ
ఫిబ్రవరి 6

శ్రీమతి సుబ్బరత్నం గారికి,

పాతకార్ల సంఘం కార్యదర్శి జ్ఞానేశ్వర్ నమస్కారాలు. పేపర్లో నా ప్రకటన చూసి మీరు రాసిన కార్డు అందింది. మీ చినలంకలో ఆర్మ్‌విల్ కారు ఉందని చదవగానే కుర్చీలోంచి ఎగిరి లేచాను. "ఏం కుట్టిందండీ?" అంటూ మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

ఆ కంపెనీ 1913లో నలభై ఒక్క కార్లు చేసి మూతపడింది. ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు మిగిలినవి రెండే. మీది మూడోది కావచ్చు. దయచేసి ఈ ప్రశ్నలకు జవాబు రాయండి. కారు ఎవరిది? ఇంజను శబ్దం చేస్తుందా? పెట్రోలు ఎంత తాగుతుంది? తలుపులు సరిగా పడతాయా? జవాబు చేత్తో రాసి పోస్టులోనే పంపాలి. వాట్సాప్‌లో వచ్చినవి మా రిజిస్టర్లో ఎక్కించం.

భవదీయుడు,
జ్ఞానేశ్వర్

తా.క.: మధ్యలో సిరా మరకకు మన్నించండి. మా వెనక వీధిలో ఒకావిడ పాలవాణ్ణి పిలవడానికి రోజూ పొద్దున్నే ఏదో బూర మోగిస్తుంది. గేదె అరిచినట్టుంటుంది. రాస్తున్న చెయ్యి ఎగిరిపడింది.


చినలంక, చల్లపల్లి దగ్గర
ఫిబ్రవరి 14

జ్ఞానేశ్వర్ గారికి,

వేణుగోపాలస్వామి మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూడాలి.

కారు మా మామగారు బసవయ్యగారిది. ఏటా స్వామి కల్యాణమయ్యాక ఊరేగింపు అందులోనే జరిగేది. మామగారు పోయాక, ఇరవై రెండేళ్లుగా స్వామి ట్రాక్టరు మీద వెళుతున్నాడు. నాలుగేళ్ల క్రితం మావారు ఆదిశేషయ్యగారికి గుండె ఆపరేషన్ అయింది. ఆయన లేచి తిరిగితే స్వామిని మళ్లీ మామగారి కారులోనే ఊరేగిస్తానని మొక్కుకున్నాను. ఆయన నిక్షేపంలా తిరుగుతున్నారు. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ మాటెత్తితే కోప్పడరు గానీ, టీవీ సౌండు పెంచుతారు.

ఇక మీ ప్రశ్నలు. మా కారు ఇంజను శబ్దం అస్సలు వినపడదు. పెట్రోలు చుక్క కూడా తాగదు. తలుపులు చక్కగా పడతాయి. వెనక సీటులో పిల్లి పిల్లల్ని పెట్టింది కాబట్టి ఒకటి మాత్రం తీసి ఉంచాను.

నమస్కారాలతో,
సుబ్బరత్నం

తా.క.: చల్లపల్లిలో కనకలక్ష్మిగారింట్లో, కూచిపూడిలో మల్లీశ్వరిగారింట్లో కూడా ఆర్మ్‌విల్ ఉంది. వాళ్లూ మీకు రాస్తారులెండి.


పటమట
మార్చి 3

అమ్మా సుబ్బరత్నం గారూ,

ఈ ఉత్తరం మీదా సిరా ఒలికింది. ఈసారి బూర వల్ల కాదు. చల్లపల్లి నుంచి, కూచిపూడి నుంచి రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి! "మా ఇంజను అద్దంలా ఉంటుంది, శుక్రవారం శుక్రవారం దీపం పెడతాం" అని కనకలక్ష్మిగారు. "మా చక్రాలు ముట్టుకుంటే చాలు, గిర్రున తిరుగుతాయి" అని మల్లీశ్వరిగారు. ప్రపంచమంతా వెతికితే రెండు దొరికాయి. మీ చుట్టుపక్కల మూడున్నాయి!

వెంటనే ప్రపంచ సంఘానికి తెలియజేశాను. పెట్రోలు తాగని మీ ఇంజను గురించి అక్కడ పెద్ద చర్చ నడుస్తోంది. ఆ కంపెనీ ఎవరికీ తెలియకుండా బ్యాటరీ కారు కూడా చేసిందేమోనని ఒకాయన వ్యాసం కూడా రాశాడు. అధ్యక్షురాలు డయానాగారు స్వయంగా ఇంగ్లండు నుంచి వస్తున్నారు. మూడు కార్లూ చినలంకలో వరసగా నిలబెట్టి చూపించాలి. లేకపోతే నా ముప్ఫై ఏళ్ల పరువు కృష్ణలో కలిసినట్టే. తేదీ మీరే చెప్పండి.

మీ
జ్ఞానేశ్వర్

తా.క.: మీ ప్రాంతంలో చదువు చెప్పిన మాస్టారెవరో గానీ గొప్పవాడు. మీ ముగ్గురి దస్తూరీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంది. ముగ్గురిదీ ఆకుపచ్చ సిరాయే.

మళ్లీ తా.క.: ఆ బూర ఆవిడ మీద కార్పొరేషన్‌కి ఫిర్యాదు రాసి ఉంచాను. నెలాఖరుదాకా చూసి పోస్టు చేస్తాను.


చినలంక
మార్చి 12

జ్ఞానేశ్వర్ గారికి,

స్వామి మీ సిరాబుడ్డి ఒలక్కుండా చూచుగాక.

మే 1న రండి. ఆ రోజు వైశాఖ పౌర్ణమి, మా స్వామి కల్యాణం. మూడింటినీ ఒక్కచోట చేరుస్తాను. వరసగా నిలబెట్టడం కుదరదు, బాగా దగ్గరదగ్గరగా ఉంటాయి.

మీరొక సాయం చెయ్యాలి. మీ సంఘం కాగితం మీద, రబ్బరు స్టాంపు వేసి, మా మూడిళ్లకూ తలో ఉత్తరం మగవాళ్ల పేర రాయండి. "బసవయ్యగారి కారు తాలూకు మీ ఇంట ఉన్నదంతా మే 1 ఉదయానికి చినలంక చేర్చవలెను. రానివారి పేరు వదిలేసి, వచ్చినవారి పేర్లే ప్రపంచ రిజిస్టర్లో ఎక్కించబడును." ఈ మాటలు మార్చకండి. మా వాళ్లు దేవుడు పిలిస్తే పని ఉందంటారు, స్టాంపు పిలిస్తే వస్తారు.

సుబ్బరత్నం

తా.క.: ఆ బూర మోగించే ఆవిడ ఇంటికి నీలం గేటు, మెట్ల పక్కన తులసికోట ఉన్నాయా? ఉంటే ఆవిడ పేరు పద్మావతమ్మ. ఫిర్యాదు చింపేసి, ఆవిడకి కూడా స్టాంపు ఉత్తరం ఒకటి ఇవ్వండి. బూరతో సహా రమ్మనండి.


పటమట
మే 4

సుబ్బరత్నం గారికి,

మూడు రోజులు పడుకుని లేచి రాస్తున్నాను.

మీ పశువుల కొట్టంలో ఇంజనూ చక్రాలూ లేని కారును చూసినప్పుడే నాకు చెమటలు పట్టాయి. అప్పుడే చల్లపల్లి నుంచి మీ బావగారి ట్రాక్టరు వచ్చింది. అందులో పూలదండ వేసిన ఇంజను. వెనకే కూచిపూడి నుంచి మీ మరిది ఆటో. అందులో నాలుగు చక్రాలు, స్టీరింగు. "మూడు కార్లెక్కడ?" అని డయానాగారు నన్నడిగారు. నేను ఆకాశం వంక చూశాను.

అన్నదమ్ములు ఆస్తి పంచుకోవడం చూశాను గానీ, కారును పంచుకోవడం నా జన్మలో వినలేదండీ! పెద్దాయనకు ఇంజను, మీవారికి బాడీ, చిన్నాయనకు చక్రాలు. పైగా ఆడపడుచుకు పసుపు కుంకుమ కింద హారను! పదేళ్లుగా నా నిద్ర చెడగొట్టింది ఆర్మ్‌విల్ హారనే!

"ఏరా శేషయ్యా, నా ఇంజనుకు చోటుందా, పిల్లికి రాసిచ్చేశావా?" అన్నారు మీ బావగారు. "పిల్లికైనా పనికొచ్చింది అన్నయ్యా, నీ ఇంజను దేనికి పనికొచ్చింది?" అన్నారు మీవారు. ఆ అన్నదమ్ములు ఇరవై రెండేళ్ల తర్వాత మాట్లాడుకున్న మొదటి మాటలు అవేనట. తర్వాత ఇక ఆపలేదు. ఏ బోల్టు ఎక్కడిదో తిట్టుకుంటూ సాయంత్రానికి బిగించేశారు. డయానాగారు చేతులనిండా పసుపూ గ్రీజూ పూసుకుని కారు కిందే ఉండిపోయారు. ఇంజను దగ్గింది గానీ కదల్లేదు. స్వామిని ఎక్కించి, అన్నదమ్ములు ముగ్గురూ ఊరంతా తోశారు. పద్మావతమ్మగారు ముందు కూర్చుని హారను మోగించారు.

ఒక్క సంగతి తేలాలి. కనకలక్ష్మిగారిని ఉత్తరం గురించి అడిగాను. "ఉత్తరమా? ఇప్పుడు రేషను దగ్గర్నుంచి అన్నీ వేలిముద్రలే కదండీ, నేను పెన్ను పట్టి పదేళ్లయింది" అన్నారు. మల్లీశ్వరిగారు నన్ను జాలిగా చూశారు. నన్నింత మోసం చేసిందెవరు?

జ్ఞానేశ్వర్

తా.క.: డయానాగారు కోప్పడలేదు. మూడు కార్లు కాకపోయినా ప్రపంచంలో మూడో కారు దొరికిందని రిజిస్టర్లో ఎక్కించారు. యజమాని పేరు దగ్గర మాత్రం చోటు చాలలేదు.


చినలంక
మే 9

జ్ఞానేశ్వర్ గారికి,

స్వామి మీకు నన్ను క్షమించే మనసు ఇవ్వాలి.

ఆ రెండు ఉత్తరాలూ నేనే రాశాను. మా ఊరి నుంచి బస్సెక్కి, ఒకటి చల్లపల్లిలో, ఒకటి కూచిపూడిలో డబ్బాలో వేసి వచ్చాను. ఇంట్లో సిరా ఒకటే రంగుది ఉంది. రాసిన ప్రతి మాటా నిజమే, సంతకాలే అబద్ధం. మా ఇంట్లో కారులో ఒక ముక్క ఉందని రాస్తే మీరు వచ్చేవారా? కారు ముక్కలన్నీ ఒకచోట కలుపుదామని నేను అడిగితే మా వాళ్లు వినేవారా? నాలుగేళ్లు అడిగాను కదా.

మొక్కు తీరింది. కారులో అని మొక్కాను గానీ పెట్రోలుతో అని మొక్కలేదు.

కారు ఇంకా మా కొట్టంలోనే, పూర్తిగా ఉంది. విప్పి ఎవరి వాటా వాళ్లు తీసుకెళ్లాలంటే ఎవరో ఒకరు మొదటి బోల్టు విప్పాలి. "వాడు విప్పితే నేను విప్పుతాను" అని ముగ్గురూ రోజూ వచ్చి కూర్చుంటున్నారు. రోజూ ముగ్గురికీ కాఫీలు పెడుతున్నాను.

ఇట్లు మీ శ్రేయస్సు కోరే
సుబ్బరత్నం

తా.క.: హారను కారుకే ఉండిపోయింది. పద్మావతమ్మకి పాలవాడు అందడం లేదట. మీది మంచి గొంతని, పొద్దున్నే మీ మేడ మీంచి ఒక్క కేక వెయ్యమంటోంది.

మళ్లీ తా.క.: అబద్ధపు సంతకాలకు పరిహారంగా గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు మొక్కుకున్నాను. నాకేమో మోకాళ్ల నొప్పులు. కారులో కూర్చుని తిరిగితే చెల్లుతుందా అని పూజారిగారిని అడిగితే ఆలోచిస్తానన్నారు. ఈలోగా వెనకాల ఎవరు తొయ్యాలి, పక్కన ఎవరు తొయ్యాలి అని అన్నదమ్ములు మొదలుపెట్టేశారు.