హరాజుకు వంతెన మీద కనోకో

కోయెంజి, టోక్యో
నవంబరు 2010, ఆదివారం

సౌభాగ్యవతి తోగావా కనోకో గారికి,

చలి ముదురుతున్న ఈ రోజుల్లో మీరూ, మీవారూ, మీ అత్తమామలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనూ బాగానే ఉన్నాను. దుకాణం ముందున్న గింకో చెట్టు పసుపురంగు ఆకులు కుప్పలుగా రాలుస్తోంది. పొద్దున్నే అవి ఊడ్చేసరికే నడుం పడిపోతోంది. పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ మీరు పంపిన కార్డు నాకూ అందింది. ‘మీ రాకతో మా వేడుక శోభించింది’ అని అచ్చులో ఉంది. చేత్తో రాసిన ముక్క ఒక్కటైనా ఉంటుందేమోనని వెనక్కి తిప్పి చూశాను. లేదు.

మర్యాదలు అయిపోయాయి. ఇక ‘మీరు’ అని రాయడం నా వల్ల కాదు కనో. ఒకే సూదిలో దారం ఎక్కించడానికి ఇద్దరం పోట్లాడుకున్నవాళ్ళం.

ముందు గౌను సంగతి చెప్పనీ. వేసవిలో నువ్వే నా దుకాణానికి వచ్చి, ‘నా పెళ్ళి గౌను నువ్వు కాక ఎవరు కుడతారే’ అన్నావు. కొలతలు ఇచ్చావు. కచ్చా కుట్టు వేసి తొడిగితే అద్దం ముందు గిర్రున తిరిగావు. భుజాల దగ్గర కుచ్చులు తగ్గించమన్నావు, తగ్గించాను. మెడ దగ్గర లేసు తీసెయ్యమన్నావు, తీసేశాను. చివరికి ఒకరోజు ఫోన్ చేసి, ‘హోటలువాళ్ళే అన్నీ ఇస్తున్నారట, గౌను కూడా వాళ్ళదే, మా అత్తగారు అలాగే కానివ్వమన్నారు’ అన్నావు. సరేనన్నాను. ఆ గౌను కుట్లు ఒక్కొక్కటే విప్పేశాను. కుట్టడం కన్నా విప్పడమే కష్టమని నీకు తెలుసు. దాని లేసు వేరే ఎవరి గౌను చేతులకో వెళ్ళింది.

అదే ఫోనులో ఇంకో మాట అన్నావు. ‘స్నేహితురాలిగా నాలుగు మాటలు నువ్వే మాట్లాడాలి చిగుసా. కాకపోతే మనం కాలేజీలో టెన్నిస్ జట్టులో కలిశామని చెప్పు. మామగారు బడి ప్రిన్సిపాలుగా చేసినవారు. ఆ హరాజుకు వేషాల గొడవ వాళ్ళకెందుకు? నీలం రంగు మామూలు డ్రెస్సు వేసుకుని రా. జుట్టుకి ఏమీ పెట్టుకోకు.’ నేను నవ్వాను. ‘ఒసేయ్, నేను జన్మలో బ్యాట్ పట్టుకోలేదే’ అన్నాను. నువ్వు నవ్వలేదు.

టెన్నిస్ జట్టు! మనం ఎక్కడ కలిశామో ఈ ఒక్కసారి రాస్తాను. నువ్వు తప్ప ఇంకెవరూ చదవరు, భయపడకు.

కవాగుచిలో, మీ ఇంటి మేడ మీద, మూసి ఉన్న తలుపు దగ్గర కలిశాం. క్లాసులో ఆ పిల్లలు నీ చెప్పుల అరలో చెత్త పోసేవాళ్ళు. నీ వెనక నిలబడి జడ కొస కత్తిరించారు. ఆ తర్వాత నువ్వు బడికి రాలేదు. యూనిఫాం చేతికి తీసుకుంటే చాలు, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేవట. మీ ఇల్లు నా దారిలోనే కాబట్టి టీచరు నాచేత పాఠాల కాగితాలు పంపేది. మీ అమ్మగారు ‘తలుపు దగ్గర పెట్టి వెళ్ళమ్మా’ అనేవారు. నేను పెట్టి, వెంటనే వెళ్ళకుండా అక్కడే కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని. ఇంటికెళితే నాకు మాత్రం ఎవరున్నారు గనక? మా అమ్మ సాయంత్రం కాగానే బార్ తెరవడానికి వెళ్ళిపోయేది.

లోపలి నుంచి ఎప్పుడూ ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఒకరోజు నేను కుడుతున్న గౌను గోడు వెళ్ళబోసుకున్నాను. ఎలా కుట్టినా చేతులు తిరగబడుతున్నాయని, చచ్చేంత విసుగొస్తోందని. తలుపు వెనక కిసుక్కుమన్న చప్పుడు. ‘కుడి చెయ్యి తీసుకెళ్ళి ఎడమవైపు కుట్టావేమో చూసుకోవే తింగరిదానా!’ నీ గొంతు నేను విన్నది అప్పుడే. తలుపు తెరుచుకుంది కూడా అప్పుడే.

మీ హాల్లో పాతబడిన లేసు కర్టెన్లతో నీ మొదటి గౌను కుట్టాం. మోకాళ్ళ దాకా కుచ్చులు, లోపల గొడుగులా నిలబడే లంగా, గడ్డం కింద రిబ్బను కట్టుకునే టోపీ. ఏడాదిగా గడప దాటనిదానివి, ఆదివారం పొద్దున ఆ గౌనులో వీధిలోకి నడిచావు. కూరగాయల కొట్టాయన చేతిలో ముల్లంగి అలాగే పట్టుకుని నోరు తెరిచాడు. ‘భయంగా లేదా?’ అని అడిగితే నువ్వన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. ‘ఇదివరకు నన్ను చూసి నవ్వేవాళ్ళు. ఇప్పుడు బట్టల్ని చూసి నవ్వుతారు. నాకేంటి?’

హరాజుకు స్టేషను పక్కన వంతెన మీద మనలాంటివాళ్ళు ఎంతమంది! ముఖానికి తెల్లరంగు పూసుకున్నవాళ్ళు, ఒంటినిండా బొమ్మలు వేలాడేసుకున్నవాళ్ళు, ఒక కంటికి కట్టు కట్టుకున్నవాళ్ళు. ఏ బళ్ళో చదువుతున్నావని గానీ, ఎందుకు మానేశావని గానీ అడిగేవాళ్ళు కాదు. ‘ఈ అంచు ఎలా కుట్టావు?’ అనేవాళ్ళు. గుడికి వెళుతున్న ఒక పెద్దావిడ ఆగి, ‘పండగా పబ్బమా, ఏమిటర్రా ఈ వేషాలు’ అని కసిరితే, నువ్వు గౌను కొసలు పట్టుకుని వంగి, ‘ఆదివారమండీ! మాకు ఇదే పండగ’ అన్నావు. ఆవిడ కోపం మరిచిపోయి నవ్వేసింది.

ఆ సాయంత్రం మీ అమ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆమ్లెట్టులో అన్నం చుట్టి, పైన టమాటా సాసుతో నా పేరు రాసి పెట్టారు. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ఆ ఇంట్లో అన్నం తిన్నానో!

ఉద్యోగంలో చేరాక నువ్వు ఆ బట్టలు మానేశావు. దానికి నాకు కోపం లేదు. చాలామంది మానేశారు. నేను కూడా ఇప్పుడు ఇతరులకి కుడుతున్నానే తప్ప నేను వేసుకునేది తక్కువ. విప్పి పక్కన పెట్టడం వేరు కనో. అసలు వేసుకోనే లేదనడం వేరు.

ఇప్పుడు పెళ్ళి. ఓమియాలో హోటలు మెట్లెక్కుతుంటే ఎదురుగా మీ అమ్మగారు కనిపించారు. నల్ల కిమోనోలో హుందాగా ఉన్నారు. ‘అమ్మా’ అంటూ దగ్గరకి వెళ్ళాను. పక్కన మీ అత్తగారు ఉన్నారు. మీ అమ్మగారు నడుం వంచి, ‘ఇదే కదండీ మొదటిసారి కలవడం. మా అమ్మాయితో టెన్నిస్ ఆడేవారట, చాలా సంతోషం’ అన్నారు. నేనూ వంగి, ‘నాకూ సంతోషమండీ’ అన్నాను. తలెత్తేసరికి ఆవిడ కళ్ళు నేల మీద ఉన్నాయి.

మైకు ముందు నువ్వు దిద్ది పంపినదే మాట్లాడాను. ఎండలో నీ పట్టుదల, ఓడినా నవ్వే నీ స్వభావం. చప్పట్లు కొట్టారు. నా బల్ల దగ్గర కూర్చున్న మీ ఆఫీసావిడ ‘జంటగా ఆడేవారా, విడివిడిగానా?’ అని అడిగింది. ‘జంటగానే’ అన్నాను. ఆ ఒక్కటీ నిజమే అనుకున్నాను.

తర్వాత మీవారి బాబాయి బీరు సీసా పట్టుకుని బల్లబల్లకీ తిరుగుతూ వచ్చాడు. మొహం అప్పటికే ఎర్రబడింది. మీ ఇద్దరి ముందూ నిలబడి గొంతు పెంచాడు. ‘మావాడు అదృష్టవంతుడు! ఈ కాలంలో ఇంత పద్ధతైన పిల్ల దొరుకుతుందా? మొన్న హరాజుకు వైపు వెళ్ళాను. అబ్బబ్బ, పాతికేళ్ళు దాటిన గాడిదలు చంటిపిల్లల గౌన్లేసుకుని, టోపీలు పెట్టుకుని! వాళ్ళని ఎవడు చేసుకుంటాడర్రా? బొమ్మల్లా అద్దాల బీరువాలో పెట్టుకోవాలి!’ అందరూ నవ్వారు. బాధ నాకు అక్కడ కలగలేదు. అలాంటి మాటలు వంతెన మీద రోజుకి పది వినేవాళ్ళం.

నువ్వు అందరికన్నా గట్టిగా నవ్వావు. నవ్వి ఊరుకోలేదు. ‘ఇంట్లో అడిగే దిక్కు లేని పిల్లలే అలా తయారవుతారు బాబాయిగారూ, పాపం’ అన్నావు.

ఇంట్లో దిక్కులేనిది ఎవరో నీకు తెలియదా? మా అమ్మ పోయిన రోజు నా పక్కన పడుకున్నది నువ్వు కాదూ? అంతమందిలో ఆ మాట నా ఒక్కదానికే తగులుతుందని నీకు తెలుసు. మూడో బల్ల దగ్గర నేనున్నానని కూడా తెలుసు. ఎందుకంటే ఆ మాట అనేముందు ఒక్కసారి నావైపు చూశావు.

అంతలో ఆ బాబాయి నావైపు తిరిగి, ‘ఏమంటావు టెన్నిస్ అమ్మాయ్, నిజమేనా?’ అన్నాడు. నోట్లో ఉన్న చేపముక్క మింగేశాను. ‘నిజమేనండి’ అన్నాను.

చివర్లో నువ్వు అమ్మానాన్నలకి కృతజ్ఞతలు చదివావు. ‘ఒక్కరోజూ బడి మాననివ్వకుండా నన్ను పెంచారు’ అని చదువుతుంటే మీ నాన్నగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన ఏది తలుచుకుని ఏడ్చారో నాకు తెలుసు. పక్కనున్నవాళ్ళు మాత్రం ‘ఎంత ప్రేమో’ అనుకున్నారు. కేకు రాకముందే నేను లేచి వచ్చేశాను. నువ్వు గమనించావో లేదో.

ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఆ మంటకి గాలి విసరమని తెప్పనే అడిగినదానివి నువ్వే. నేనూ విసిరాను. ఆ అసహ్యం నామీద నాకుంది. నీకు పంచడం లేదు.

ఇకపై నాకు కార్డులు పంపకు. దారిలో కనిపిస్తే పలకరించనక్కర్లేదు. నీ కొలతల కాగితం చించేశాను. కానీ కొలతలు చేతికి గుర్తున్నాయి. వాటిని ఏం చేయాలో తెలియడం లేదు.

చల్లగా ఉండు. ఎవరికీ చలి పెట్టకుండా ఉండు.

ఇట్లు,
నిన్ను టెన్నిస్ మైదానంలో ఎన్నడూ చూడని
చిగుసా

తా.క. పెళ్ళిలో జరిగినదానికే అయితే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మింగేసేదాన్ని. మొన్న మధ్యాహ్నం మీవారు నా దుకాణానికి వచ్చారు. పెళ్ళిపిలుపుల మీద చిరునామాలు రాసింది ఆయనేనట, అలా నా దుకాణం తెలిసిందట. టీ పెట్టి ఇస్తే తాగకుండా కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. ‘మైకు ముందు మిమ్మల్ని చూడగానే పోల్చుకున్నాను. వంతెన మీద ఆ ఇద్దరిలో రెండో అమ్మాయి మీరే’ అన్నారు.

కాలేజీ రోజుల్లో ప్రతి ఆదివారం ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నటిస్తూ రెయిలింగు దగ్గర నిలబడేవారట. నీకోసం. ఒకసారి గాలికి నీ గొడుగు ఎగిరిపోతే పట్టుకుని ఇచ్చారట. నువ్వు థాంక్స్ అన్నావట. ఆయనకి ఇంకో మాట నోరు దాటలేదు. తర్వాత కొన్నేళ్ళకి ఆ బాబాయే సంబంధం తెచ్చి మీ ఇద్దరినీ కాఫీకి కూర్చోబెడితే, నువ్వు నోరు విప్పగానే ఆ అమ్మాయివి నువ్వేనని తెలిసిపోయిందట. ఆ సాయంత్రం ఇంటికి నడిచే వెళ్ళారట, రైలెక్కడం మరిచిపోయి. ‘తనే ఎప్పుడో చెబుతుంది, అప్పుడు నాకు తెలుసులే అని ఆటపట్టిద్దామనుకున్నాను. చెప్పలేదు. సిగ్గేమోలే, పెళ్ళయ్యాక చెబుతుందనుకున్నాను’ అన్నారు.

బాబాయి వాగుతున్నప్పుడు నోరు మూయించడానికి మీవారు లేవబోయారట. ‘బాబాయ్, నేను చేసుకున్నది వాళ్ళలో ఒకమ్మాయినే’ అని అందరి ముందూ చెప్పేద్దామని. పూర్తిగా లేచేలోగా నువ్వు నవ్వావు. తర్వాత నువ్వన్న మాట కూడా విన్నారు. మళ్ళీ కూర్చున్నారు.

తను వచ్చినట్టు నీకు చెప్పవద్దన్నారు. సరేనని తలూపాను. కానీ నీ అబద్ధమూ, ఆయన మౌనమూ రెండూ నేను మొయ్యలేను. అందుకే రాస్తున్నాను.

వెళుతూ గుమ్మం దగ్గర ఆగారు. ‘ఆ గొడుగు అమ్మాయి ఇప్పుడెక్కడ ఉందో మీకేమైనా తెలుసా?’ అని అడిగారు.

తెలియదని చెప్పాను.