పురి విడిన తీగ

బావగారికి,

మీ క్షేమం అక్క ఫోన్‌లో చెప్పింది కాబట్టి నేరుగా విషయానికొస్తున్నాను.

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్‌లో తెగిన ఉక్కు తీగ ముక్క ఒకటి ఉంది. పోయిన పందెంలో నాన్న చేసిన రిమోట్ పడవలో, ఇంజనుకీ ప్రొపెల్లర్‌కీ మధ్య తిరిగింది ఇదే. పడవ చీలి మునిగిపోతే, ఒడ్డున అందరి ముందూ మీరేమన్నారు? "మామయ్యకి చెయ్యి పట్టు తప్పింది, అతుకులు నిలవట్లేదు" అన్నారు. ఆ రోజు నుంచి నాన్న ఉలి ముట్టుకోలేదు.

మొన్న పడవంతా విప్పి చూశాను. నాన్న వేసిన అతుకు ఒక్కటీ ఊడలేదు. పెద్ద ఇంజనే కావాలని పట్టుబట్టింది మీరు, దానికి తీగ ఎంచిందీ మీరే. ఇంజను తిరిగేకొద్దీ తీగ పురి బిగుసుకోవాలి. మీరు తెచ్చింది ఎదురు పురి. అది విడిపోయి, ఉబ్బి, తను తిరిగే గొట్టాన్ని పగలగొట్టి అడుగు చెక్కను చీల్చేసింది. కావాలంటే వేళ్లతో తడిమి చూసుకోండి.

నాన్నకి ఆ తీగ చూపించాను. వెంటనే ఉలి అడిగారు.

ఈ ఆదివారం పందేనికి, నాన్న బాగుచేసిన పడవలో చిన్న ఇంజను పెట్టాను. పెద్దదానిలా ఎత్తున కాకుండా అది అడుగుకంటా కూర్చుంటుంది, ప్రొపెల్లర్ దాకా వంపు లేదు కాబట్టి వంగే తీగ బదులు తిన్నని కడ్డీ వేశాను. "ఓడిపోతావే" అంది అక్క. ఓడిపోనీ. ఈసారి రిమోట్ మాత్రం మీ చేతికివ్వను.

మీరు రండి. ఆ ముక్క వెంట తెచ్చుకోండి. అదే ఒడ్డున, అంతమంది ముందూ, తప్పెవరిదో మీ నోటితోనే చెప్పండి. చెప్పకపోతే నేను చెబుతాను. రెండో ముక్క నా దగ్గరే ఉంది.

మీ మరదలు